సీడీలో చిన్నాయన

మా నాయన పాడిన సీడీ ఒకటి ఉందని చిన్నాయన చెప్పినప్పుడు నేను నమ్మలేదు. నాయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఇన్నాళ్ళూ లేని సీడీ ఇప్పుడు ఎక్కడినుంచి ఊడిపడింది?

చిన్నాయన మా నాయనకు సొంత తమ్ముడు. ఇద్దరూ అర్ధవీడు దగ్గర గొర్రెలు మేపుకుంటూ, కోలాటం జట్టుకు పాటలు కట్టుకుంటూ బతికారు. నాయన పాట ఎత్తుకుంటే చిన్నాయన అందుకునేవాడట. 'అట' అని ఎందుకంటున్నానంటే, ఆరో తరగతి నుంచే నేను హాస్టల్లో ఉన్నాను. పదో తరగతిలో ఉండగా నాయన పోయాడు.

మార్కాపురం బస్టాండులో నన్ను కలిసి, తువ్వాలలో చుట్టిన డబ్బా చేతిలో పెట్టాడు చిన్నాయన.

"గిద్దలూరులో రికార్డు చేయించినామమ్మా. పాత బీరువా తీసేస్తాంటే అడుగున దొరికింది. మిషన్లో పెడితే ఎగిరెగిరి పడతాంది. నువ్వు కంప్యూటర్ టీచరువి గదా, ఫోన్లోకి ఎక్కియ్యి. పెద్దల అమాస రోజు మీ అమ్మకు వినిపిద్దాం."

నాకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. పెట్రోలు బంకులో మీటరు మీద సున్నా చూడందే పైపు ముట్టుకోనివ్వను. పాలాయన ఎప్పుడైనా నవ్వాడంటే ఆ రోజు పాలు రెండుసార్లు చూస్తాను. సీడీని కూడా అట్లాగే అటూ ఇటూ తిప్పి చూశాను. మెరిసే వైపు నిండా గీతలు. పై వైపు ఒక్క అక్షరం లేదు. నాయన పేరు రాయడానికి మార్కరు కూడా దొరకలేదా అనుకున్నాను.

సీడీ పట్టే కంప్యూటరు మా స్కూలు ల్యాబులో ఒక్కటే మిగిలింది. శనివారం మధ్యాహ్నం పిల్లలు వెళ్ళాక దాని ముందు కూర్చున్నాను. నల్ల తెర మీద కమాండు కొట్టి పాటలు దించే సాఫ్ట్‌వేర్ అది. దాని పేరుకే అనుమానమని అర్థం. ఒకసారి చదివింది నమ్మదు. అదే చోటు మళ్ళీ మళ్ళీ చదివి, రెండూ ఒకటే అయితేనే ముందుకు కదులుతుంది. నాకు ఒక చెల్లెలు దొరికినట్టయింది.

మూడో పాట దగ్గర అది మొండికేసింది. డ్రైవు గరగరమంటుందే గానీ అంకె కదలదు. సీడీ తీసి, మెత్తని గుడ్డతో మధ్యనుంచి అంచుకు తుడిచి, వేగం బాగా తగ్గించి మళ్ళీ పెట్టాను. ఈసారి కుంటుకుంటూ కదిలింది.

ఇక పేర్లు. పాటల నిడివిని బట్టి ఇంటర్నెట్లో వెతికి పేర్లు తెచ్చే ఏర్పాటు ఒకటుంది. అది వెతికి వెతికి, ఇది ఎవరో విదేశీయుడి పియానో ఆల్బమని తేల్చింది. గొర్రెల వెంట తిరిగిన మా నాయన పియానో ఎప్పుడు నేర్చుకున్నాడో! దాన్ని పక్కన పెట్టి, సీడీలోనే ఏమైనా రాసి ఉందేమో చూపించమని ఇంకో కమాండు కొట్టాను. పాటల పేర్లు లేవు. పాడినవారు అన్న చోట మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే మాట ఉంది. చిన్నాయన.

నాకు ఒళ్ళు మండింది.

ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. కాస్త జీర ఉన్న మగ గొంతు. వెనక నలుగురు అందుకుంటున్నారు. అన్నదమ్ములిద్దరి గొంతులూ ఒకే తీరుగా ఉంటాయని ఊళ్ళో అనేవాళ్ళు. ఆ మాట చదివాక నాకు ప్రతి పాటలోనూ చిన్నాయనే వినపడ్డాడు. తన పాటలు రికార్డు చేయించుకుని, చచ్చిపోయిన మనిషి పేరు చెప్పి అందరికీ వినిపించాలనుకున్నాడన్నమాట. లేకపోతే ఇన్నేళ్ళు ఎందుకు దాచినట్టు? అక్కడికక్కడే ఫోను చేశాను.

"చిన్నాయనా, నిజం చెప్పు. ఈ పాటలు ఎవురు పాడినారు?"

"మీ నాయనేనమ్మా. ఏం?"

"మరి దీంట్లో చిన్నాయన అని రాసి ఉందే? ఏంది ఇది?"

అవతల మేకల అరుపులు తప్ప ఏమీ వినపడలేదు. చాలాసేపటికి, "సరేలేమ్మా, నీకు ఎట్ల తోస్తే అట్ల రాసుకో" అని పెట్టేశాడు.

తప్పు చేయనివాడు మాటకు మాట చెప్తాడు, నోరు మూసుకున్నాడంటే చేసినట్టే అని తీర్పు రాసేసుకున్నాను. తర్వాత వారం ఆయన ఫోను చేయలేదు, నేనూ చేయలేదు. పంతానికి పని మాత్రం ఆపలేదు. పాటల పేర్లు తెలుగులో కొడితే పాత ఫోనులో అక్షరాలకు బదులు డబ్బాలు డబ్బాలుగా వచ్చాయి. పేరు మధ్యలో ఖాళీ ఉంటే కమాండు ఒకే పాటను రెండనుకుని తిట్టింది. అన్నీ సరిచేశాను. పాడినవారి దగ్గర మాత్రం ఏమీ కొట్టలేదు. చెయ్యి రాలేదు.

మళ్ళీ శనివారం అన్నీ సరిచూస్తుంటే లెక్క కుదరలేదు. దించిన పాటలన్నీ కలిపినా సీడీ నిడివికి కొంచెం తక్కువ పడుతోంది. జాబితా తీసి చూస్తే, మొదటి పాట సున్నా దగ్గర మొదలవలేదు. దానికి ముందు అర నిమిషం పైగా ఏదో ఉంది. సాఫ్ట్‌వేర్ దాన్ని పాటగా లెక్కపెట్టలేదు. ఇంకా ఏం దాచాడో చూద్దామని సున్నా నుంచి చదవమన్నాను.

కుర్చీ జరిపిన చప్పుడు. ఫ్యాను చప్పుడు. తర్వాత రికార్డు చేసే అతని గొంతు.

"చిన్నాయనా, మైకు దగ్గరికి ఇంకొంచెం జరుగు. ఆఁ, నువ్వు ఎత్తుకో చిన్నాయనా. మిగతావాళ్ళు తర్వాత."

దూరంనుంచి ఇంకో గొంతు: "అన్నా, గొంతు సరిజేసుకో."

అది మా చిన్నాయన. అన్నా అని పిలిచింది ఆయన.

మైకు పక్కనుంచి జీరగా జవాబొచ్చింది. "ఉండురా, రెండు గుక్కలు నీళ్ళు తాగనీ."

ఆ గొంతే పాట ఎత్తుకుంది.

మా వైపు పరాయి మనిషంటూ ఉండడు. బస్సులో కండక్టరు మామ, మందుల షాపులో ఆమె అక్క. రికార్డు చేసినతను మా నాయనతో వరస కలుపుకుని చిన్నాయనా అన్నాడు. పాడినవారి పేరు కొట్టాల్సిన చోట తన నోట్లో ఉన్న మాటే కొట్టేశాడు. నేను కూడా రోజుకు పదిమందిని వరస పెట్టి పిలుస్తాను. అయినా నాకు ఆ ఆలోచనే రాలేదు. సిగ్గేసింది.

ఆదివారం పొద్దున్నే కంభం బస్సెక్కి, అక్కడనుంచి ఆటోలో వెళ్ళాను. చిన్నాయన మేకలకు వేపరొట్ట కడుతున్నాడు. నన్ను చూసి, "రామ్మా, టీ తాగుతావా?" అన్నాడు, ఏమీ జరగనట్టు. నేను ఫోను తీసి ఆ ముక్క పెట్టాను. గొంతుక్కూర్చుని విన్నాడు. తన గొంతు అన్నా అన్నప్పుడు తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. పాట మొదలయ్యాక కూడా ఆపమనలేదు.

"తప్పయింది చిన్నాయనా," అన్నాను. "నేను అంత మాటంటే నువ్వు ఆరోజే ఎందుకు కసరలేదు? నోరు తెరిచి చెప్పొచ్చు గదా?"

"ఏం చెప్పమంటావమ్మా. ఎవురు పాడినారని అడిగినావు. మీ నాయన గొంతు నీకు గుర్తులేదని నాకు అప్పుడే తెలిసింది. ఇంక నాకు మాట రాలేదు."