మగ్గాలు ఆగిన మూడు రోజులు

నిన్న పొద్దున మా వీధిలో ఒక గంటసేపు కరెంటు పోయింది. ఎదురింటావిడ గుమ్మంలో నిలబడి లైన్‌మన్‌ను, వాళ్ల శాఖను, ఎండను వరసపెట్టి తిట్టిపోస్తుంటే, నేను మాత్రం ఫ్రిజ్ చప్పుడు కూడా ఆగిన ఆ నిశ్శబ్దంలో టీ గ్లాసు పట్టుకుని నవ్వుకుంటూ కూర్చున్నాను. కరెంటు పోతే సంబరపడే ఉద్యోగం చేసినదాన్ని మరి, రిటైరై ఇన్నేళ్లయినా ఆ బుద్ధి పోలేదు.

మా అమ్మ పోయేదాకా, నా బిడ్డ బోర్లకు నీళ్లు చూపిస్తుందని ఊరందరికీ చెప్పుకుంది. నిజానికి మా భూభౌతిక పరిశోధన ఆఫీసువాళ్లం చూసేది నీళ్లకంటే ఎంతో లోతున, మైళ్ల కింద ఉన్న రాయిని. సూర్యుడి ప్రభావంవల్ల భూమి అయస్కాంత బలం రోజంతా కొద్దికొద్దిగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ హెచ్చుతగ్గులకు అడుగున రాళ్లలో సన్నటి కరెంటు పుడుతుంది. ఏ చోట అది తేలిగ్గా పారుతుందో పైన పెట్టిన పరికరం గీసే గీతలను బట్టి తెలుస్తుంది. జగిత్యాల దగ్గర ఒకటి, కోరుట్ల దగ్గర ఒకటి, సిరిసిల్ల శివారులో ఒకటి, మూడు చోట్ల చేలల్లో గుంతలు తీసి ఆ పరికరాల పెట్టెలు పాతాం. మొదటి రెండూ బుద్ధిగా పనిచేశాయి. మా సిరిసిల్ల పెట్టె మాత్రం అన్నీ పిచ్చిగీతలే గీసింది, ఎందుకంటే అక్కడ వీధివీధికీ మరమగ్గాలు, వాటి మోటార్ల కరెంటు నేలలోకి దిగి మా గీతను తినేసేది.

ఆ నెలాఖరుకు పరికరాలు తిరిగి ఇచ్చెయ్యాలి. అప్పటికీ ఇంతేనైతే సిరిసిల్లను మా లోతు రాళ్ల మ్యాపులోంచి తీసేస్తానని ఆఫీసులో మా సారు చెప్పేశారు. నేను పుట్టిన ఊరు, మగ్గం చప్పుడు వింటూ నిద్రపోయిన ఊరు, నా చేతులమీదుగా జరిగిన పనిలో ఖాళీగా మిగిలిపోవడమేమిటని నాకు పౌరుషం వచ్చింది. వెళ్లి మా మేనమామను అడిగాను. ఆయనకు నాలుగు మగ్గాలున్నాయి, తోటి మగ్గాల యజమానుల్లో, అదే ఆసాముల్లో, మాట చెల్లుతుంది. ఒక్క పూట ఊళ్లో మగ్గాలన్నీ ఆపించమంటే పకపకా నవ్వాడు.

“మగ్గం ఆగితే పొయ్యి ఎట్ల మండుతది కోడలా? నీ పెట్టె కోసం ఊరంత పస్తుండాల్నా?”

ఆయన మాట నిజమేనని ఒప్పుకుని కోరుట్ల బస్సెక్కాను. 

అంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు కదల్లేదు, బడులు మూతపడ్డాయి, బొగ్గు బావుల్లో కూడా పని ఆగింది. సిరిసిల్లలో ఆసాములూ కార్మికులూ ఒక్క మాటమీద మూడు రోజులు మగ్గాలు బంద్ పెడుతున్నారని నాకు కోరుట్లలో తెలిసింది. సంబరం ఒక్క క్షణమే, ఎందుకంటే సిరిసిల్ల పెట్టెలో బ్యాటరీ ఆ సాయంత్రానికి అయిపోతుంది. మా చిన్నమ్మ కొడుకు స్కూటీ తీసుకుని, కాళ్ల దగ్గర కొత్త బ్యాటరీ పెట్టుకుని, తెలంగాణ రావాలని అందరిలాగే కోరుకుంటున్న నేను, సమ్మెనాడు దొంగలా పనికి బయలుదేరాను.

పెట్టె ఉన్న చేను ఇంకా కాస్త దూరముందనగా సమ్మెవాళ్లు పట్టుకున్నారు. రోడ్డు నడిమధ్య మూడు రాళ్ల పొయ్యిలు, గుండిగల్లో అన్నం, వంటావార్పు జోరుగా నడుస్తోంది.

“సమ్మెనాడు సర్కారు పనికి ఎట్ల పోతవమ్మా? జర సిగ్గనిపిస్తలేదా?” అని ఒకామె గరిటెతోనే అడ్డం నిలబడింది.

నిజంగానే సిగ్గేసింది. నావాళ్లే నన్ను అట్లా చూస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు ఆ గుంపులోంచి మా మామ లేచి వచ్చాడు.

“గిది సర్కారు పని కాదు చెల్లె. మనం మగ్గాలు ఆపితే భూమి ఏమంటదో ఇననీకి వచ్చింది నా మేనకోడలు.”

నేను చేసే పనిని అంత బాగా చెప్పినవాళ్లను ఆఫీసులో కూడా చూడలేదు. గరిటె ఆమె ఫక్కున నవ్వి విస్తరిలో అన్నం పెట్టింది, తినేదాకా కదలనివ్వలేదు. బ్యాటరీ మార్చి, చేను దగ్గర బండి తిరిగితే గీత చెడిపోతుందని నేను చెప్పడమే ఆలస్యం, రాస్తారోకోను రెండుగా చీల్చి చేనుకు దూరంగా అటొకటి, ఇటొకటి పెట్టారు. ఆ మూడు రోజులూ సైకిలు కూడా దరిదాపులకు రాలేదు.

ఒక్క పొరపాటు జరిగింది, అదీ మా మామదే. కాపలా ఉంటానని ఇనుప కుర్చీ తెచ్చి సరిగ్గా పెట్టె పక్కనే దర్జాగా వేసుకున్నాడు. సాయంత్రం చూస్తే గీత ఒక్క గంతు వేసి ఉంది. ఇనుము దగ్గరికి రాకూడదంటే నాలుక కరుచుకుని, మిగతా రెండు రోజులు ఆమడ దూరంలో తువ్వాల పరుచుకుని నేలమీదే కూర్చున్నాడు. రెండో రోజు సూర్యుడు కూడా కలిసివచ్చాడు. సూర్యుడినుంచి భూమి అయస్కాంత బలాన్ని కుదిపే తుఫాను లేచి, ఏ మోటారు మరకా లేకుండా గీత పొద్దంతా ఊగింది.

హైదరాబాదులో మా సారు ఆ గీతలను రెండుసార్లు చూసి, గంతు దగ్గర ఆగి ఇదేమిటని అడిగితే, మా మేనమామ సార్ అన్నాను. ఆయన నవ్వి మ్యాపుమీద సిరిసిల్ల చుక్క పెట్టారు. ఆ చుక్క పడ్డాకే, లోతున కరెంటు తేలిగ్గా పారే పట్టీ ఒకటి జగిత్యాల వైపునుంచి మా ఊరి కిందికి వస్తోందని తేలింది. గెలిచానని అరవాలనిపించి, మిద్దెమీదికి వెళ్లి నిజంగానే అరిచాను.

తెలంగాణ వచ్చింది. మామ ఇప్పుడు లేడు. ఆ చేను ప్లాట్లయి, నడుమ ట్రాన్స్‌ఫార్మరు నిలబడింది. నా తరువాత ఎంతో మంచి పరికరాలు వచ్చాయట, సంతోషమే. కానీ కూలి పోతుందని తెలిసీ ఊరు ఊరంతా ఒక్క మాటమీద చేతులు ఆపుకుని కూర్చునే మూడు రోజులు మాత్రం ఏ ప్రాజెక్టుకూ మంజూరు కావు.