తోట పేరుతో పోయిన గొంతు

మొన్న ఆగిరిపల్లి దగ్గర మా అక్కవాళ్ల మామిడితోటకు ఆటోలో వెళ్తుంటే, డ్రైవరు ఆ తోటకు కొత్త పేరొకటి చెప్పాడు. ఈ ఏడు కౌలుకు తీసుకున్నాయన ఇంటిపేరది. మా వైపు అంతే. భూమి ఎవరిదైనా, ఆ ఏడు కాయ ఎవరు కోసుకుంటే తోట వాళ్లది. అసలు యజమాని తన పేరు చెప్పి దారి అడిగితే, అలాంటి తోటేదీ లేదండీ అని మర్యాదగా వెనక్కి పంపేస్తారు. ఎప్పుడూ నవ్వుకునే సంగతే గానీ, మొన్న మాత్రం నాకు ఒళ్లు మండిపోయింది.

అక్కకు చెట్లతో మాట్లాడే అలవాటు. పూత మొదలైన దగ్గర్నుంచి కోతలయ్యేదాకా చెట్టుచెట్టు కిందా నిలబడి ఫోనులో రికార్డు చేసేది. "ఈ చిన్నరసం చెట్టుకి పూత విరగబూసిందే చెల్లీ. పురుగూ వచ్చింది. మీ బావకి చెబితే మందు కొట్టేద్దాం అంటారు, పాపం తేనెటీగలు ఏమైపోవాలి?" ఇలాంటివే అన్నీ. మధ్యలో దగ్గు, కూలీలతో పరాచికాలు, ఎండుటాకుల చప్పుడు. ఏ వారానికావారం వాటిని ఇంట్లో కంప్యూటరులోకి ఎక్కించి ఫోను ఖాళీ చేసేది. ఫోల్డరుకు తోట పేరే పెట్టేది, అంటే ఊరంతా పిలిచే పేరు, ఆ ఏళ్లన్నీ తోటను వరసగా కౌలుకు చేసినాయన ఇంటిపేరు.

అక్క వానాకాలంలో పోయింది. ఆ తర్వాతి ఎండల్లో, కొమ్మలు విరగ్గొట్టాడని బావకూ అదే కౌలుదారుకూ గొడవైంది. వాడి ఫోటోలు గానీ కాగితాలు గానీ ఒక్కటి కూడా ఇంట్లో కంప్యూటరులో ఉండకూడదని బావ పంతం పట్టాడు. ఆయనది కంపెనీలో పెర్ల్ అనే కంప్యూటరు భాషలో ప్రోగ్రాములు రాసిన చెయ్యి, నాదీ అదే చదువు. పెర్ల్‌లో క్లోజర్ అని ఒకటుంది. చిన్న ప్రోగ్రాము ముక్క తను పుట్టినప్పుడు పక్కనున్న పేరును కొంగున ముడేసుకుని పోతుంది. ఆ తర్వాత దాన్ని ఏ ఫోల్డరులో వదిలినా, మళ్లీ ఎవరూ చెప్పనక్కర్లేకుండా ఒక్కో ఫైలు దగ్గరా ఆగి, దాని పేరులో గానీ అదున్న ఫోల్డరు పేరులో గానీ ఆ పేరుందా అని చూస్తుంది. బావ దానికి కౌలుదారు ఇంటిపేరు ఇచ్చాడు. దొరికింది దొరికినట్టు తుడిచేయమన్నాడు.

"ముందు దొరికినవేంటో స్క్రీన్ మీద చూపించమనండి బావగారూ, తర్వాత తుడుచుకోవచ్చు" అన్నాను. "ఏంటి మరదలా, నాకే నేర్పుతున్నావా?" అని నవ్వి ఎంటర్ కొట్టాడు. నేను కాఫీ కలుపుకొచ్చేసరికి పనయిపోయింది.

నెల తర్వాత అక్క గొంతు వినాలనిపించి వెతికితే ఒక్కటీ లేదు. ప్రోగ్రాము తుడిచినవి చెత్తబుట్టలో కూడా మిగలవు. విజయవాడ తీసుకెళ్లి బాగుచేసేవాళ్లకు చూపించినా లాభం లేకపోయింది. బావ ముందు కూర్చుని ఏడ్చాను. "ప్రోగ్రాములో తప్పేం లేదమ్మాయ్, చెప్పిందే చేసింది" అన్నాడాయన. ఆ మాట ఇప్పటికీ నాకు మింగుడుపడదు. అక్క తన రికార్డింగులకు ఏ పేరు పెట్టుకునేదో మీకు తెలీదా అని అడిగాను. "నేనెప్పుడూ తెరిచి వినలేదు" అన్నాడు. అన్నేళ్ల కాపురంలో ఒక్కటి కూడా వినలేదట. దొరికినవన్నీ స్క్రీన్ మీద వరసగా కనబడినా, ఆయన గుర్తుపట్టేవాడు కాదన్నమాట. తుడిచేసినందుకు ఏనాటికైనా క్షమిస్తానేమో గానీ, దీనికి మాత్రం క్షమించలేను.

అక్క అన్న మాటలు నాకు ఇంకా గుర్తున్నాయి. ఎలా అన్నదో తలచుకోబోతే మాత్రం ఈమధ్య నా గొంతే వినిపిస్తోంది. ఆ వానాకాలంలోనే అక్క పోయిందనుకున్నాను. ఏళ్లు గడిచేకొద్దీ తెలుస్తోంది, ఇంకా పోతూనే ఉంది.