వీపు వెనక గెలిచిన కప్పు

దగ్గరగా జరిగి కూర్చోండి, టీ చల్లారితే మళ్లీ పెడతాను. మా రేవు జట్టు కప్పు గెలిచిన సంగతి వినండి.

బర్మాలో, సేక్కాన్ రేవులో మూటలు మోసిన మన తెలుగువాళ్లు కట్టుకున్న ఫుట్‌బాల్ జట్టు మాది. మా నాన్న ఆడాడు, అన్న ఆడాడు. నా చిన్నప్పుడు ఒక ఫైనల్లో మావాళ్లు పెనాల్టీ కొడుతుంటే ముందుకు దూరి చూశాను. బంతి గోలు కర్రకు తగిలి వెనక్కొచ్చింది.

"ఈ గుంట సూసింది, అందుకే పోనాది" అన్నాడు అన్న.

అప్పట్నుంచి పెనాల్టీ అంటే నేను మైదానానికి వీపు పెట్టి కూర్చోవాలి. నవ్వులాటగా మొదలైంది గాని, మనవలు పుట్టాక కూడా ఎవరూ చెప్పకుండానే తిరిగిపోయేదాన్ని. కప్పు మాత్రం రాలేదు. వస్తే అమ్మవారికి ముర్రాట మోస్తానని, పసుపునీళ్ల కుండ నెత్తినెట్టుకెళ్లి గుడి గుమ్మంలో పోస్తానని మొక్కుకున్నాను. ఆ రోజు ఎంత ఏడవాలో కూడా అనుకుని ఉంచుకున్నాను.

ఈ వానాకాలం ఫైనల్ మళ్లీ పెనాల్టీల దాకా వచ్చింది. గొడుగు వేసుకుని గోడకేసి తిరిగాను. గోడంతా నాచు. వెనక కేకలు లేచాయి.

అన్న వచ్చి భుజాలు కుదిపాడు. "గెలిసేసినామే! ఇటు తిరుగు, ఇంక నువ్వు సూసినా ఏటీ అవదు."

తిరిగాను. వల ఖాళీగా ఉంది. కుర్రాళ్లు బురదలో ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు.

"ఏటే, రాయిలా కూకున్నావు? ఏడవవేటి?"

"వస్తాదేమోనని సూస్తన్నాను."

బర్మా తల్లికి పుట్టిన మా కెప్టెన్ కప్పు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. బర్మా మాటలో పిన్నిని పిలిచినట్టు, "పట్టుకో, దోలే, నీ వీపే గెలిపించింది!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నోరు సాగదీశాను. కప్పు చాలా తేలిగ్గా ఉంది.

మర్నాడు డప్పులతో గుడికి వెళ్లాం. కుండ ఎత్తుకునే ముందు అన్నను అడిగాను: "సంతోసం లేకుండా మొక్కు తీరిస్తే తల్లి ఒప్పుకుంటాదంటావా?"

"కుండలో పసుపు సరిపోనాదా లేదా సూస్తాది గాని, నీ మొగం సూస్తాదేటి!"

నీళ్లు పోశాను. పాదాలకు చల్లగా తగిలాయి, అంతే. వేపాకులతో కలిసి అవి గుమ్మం దిగి కాలవలోకి జారేదాకా కళ్లు తిప్పకుండా చూశాను. ఈసారి చూడొద్దని ఎవరూ అనలేదు.

మీ ఇంటికి రావలసిన సంతోషం, మీరు చూస్తుండగానే గుమ్మం తొక్కాలి. మీ పిల్లాపాపా చల్లగా ఉండాలి.