హద్దురాళ్ల మధ్య గడ్డి చామంతి

మా పక్కింటి మేకల అత్త పోయింది. మొన్న పొద్దున్నే ఆమె కోడలు మా ఊరు చిల్లకూరు నుంచి ఫోన్ చేసి, "మీ అత్త ఇంక లేదన్నా. మజ్జేనమే మట్టి," అన్నది. వాళ్లు మసీదుకు పోయేవాళ్లు, మేం కాదు. అయినా నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె నాకు అత్తే. ఇప్పుడు దీన్ని వింతగా చూసేవాళ్లున్నారు, చూడనివ్వండి.

ఊరి వెనక మేత బీడు ఉంది. నాలుగు చినుకులు పడితే చాలు, బీడంతా గడ్డి చామంతి. సన్నని పొడుగాటి కాడ, పసుపు బొడ్డు, చుట్టూ తెల్లని చిన్న రేకులు. దాన్ని కలుపు అంటారు. బీడును ఖాళీ స్థలం అంటారు. ముందు పేరు తీసేస్తారు, తర్వాత నేల తీసుకుంటారు. ఆక్రమణ ఎప్పుడూ ఇలాగే మొదలవుతుంది.

ఆమధ్య ప్లాట్ల వాళ్లొచ్చి అక్కడ హద్దురాళ్లు పాతారు. నేను అర్జీలు పెట్టాను, పత్రికలకు రాశాను, కనిపించిన ప్రతి అధికారితో గొడవపడ్డాను. అత్త ఏం చేసింది? ఒక్కో రాయికి ఒక్కో మేకను కట్టేసింది.

"మేకులు కొట్టే పని తప్పించినారు బ్బయ్యా, మారాజులు!" అని నవ్వింది.

నాకు ఒళ్లు మండింది. "నీకు నవ్వులాటగా ఉందా అత్తా?" అంటూ ఓ రాయిని తన్నాను. రాయి కదల్లేదు. నా బొటనవేలు చిట్లింది.

అత్త గడ్డి చామంతి ఆకులు తుంచి, అరచేతిలో నలిపి, దెబ్బ మీద పసరు పిండింది. భగ్గుమంది.

"ఎగరబాక, ఉండు. పేపర్లో రాసేటప్పుడు అంత రోషమే, ఇప్పుడేమైంది?" చీర అంచు చింపి కట్టు కడుతూ హెచ్చరించింది: "ఆ రాయి పీకబాక. అది నల్లదాని రాయి. ఇంకోచోట కడితే మేత ముట్టదు."

ప్లాట్లు చూడ్డానికి వచ్చినవాళ్లను ఆమె ఏనాడూ తిట్టలేదు. "మీ రాయి ఏదో చూపించండి సామీ, మేకనడిగి ఇప్పిస్తా," అనేది. వాళ్లు పెంటికలంటిన చెప్పులు చూసుకుంటూ వెనక్కి తిరిగేవాళ్లు. నా అర్జీలకు ఇంతవరకు జవాబు లేదు. బీడు మాత్రం బీడుగానే ఉంది. ఆమె లేకుండా ఎన్నాళ్లుంటుంది?

మట్టిచ్చి వచ్చాక, దొడ్లో అరుస్తున్న మేకలను కోడలు వదిలేసింది. నేనూ వెంట నడిచాను. తాళ్లు ఈడ్చుకుంటూ పోతున్నాయి, బీడంతా చెదిరిపోతాయనుకున్నాను. పోలేదు. దేని రాయి దగ్గరికి అది పోయి, మోకాలెత్తు పూలలో నిలబడింది.

నల్లది నా వైపు తిరిగి అరిచింది. వంగి తాడు అందుకున్నాను.