తాతగారి ఫొటో పగిలిన పాట

మధ్యాహ్నం గని సైరన్ మోగుతుంది. కాసేపటికి బొగ్గు గనిలో పేలుడు, దానితో మా వంటింటి అరలో స్టీలు గ్లాసులు గణగణమంటాయి. చంద్రపూర్‌లో, మా బాబుపేట్‌లో, దాన్ని ఎవరూ పట్టించుకోరు. నేను మాత్రం సైరన్‌కే లేచి నిలబడతాను. మా అక్క ఇందిర గుర్తొస్తుంది.

కోర్పనా వైపు మా తాతగారిది పెద్ద పేరు. ఆయన వాకిట్లో పాటగాళ్ళు తమ వంతు కోసం కాచుకుని కూర్చునేవారట. నా కాలానికి భూములన్నీ పోయి రెండు గదులూ, అద్దం బిగించిన ఆయన పెద్ద ఫొటో మిగిలాయి. సైరన్ మోగగానే ఆ ఫొటోను దించి మంచం మీద పెట్టడం, పేలుడయ్యాక మళ్ళీ తగిలించడం ఇంటి పెద్దకొడుకుగా నా పని. దాన్ని పూజలా చేసేవాణ్ణి.

అలాంటి ఇంట్లో అక్క బ్యాండు పెట్టింది. కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన రోజులు. పాట తనది, గిటారు తమ్ముడు రవిది, కీబోర్డు నాది.

"తాత ముందట జనం పాడేటోళ్ళు. మనం జనం ముందట పాడుడేందక్కా?" అన్నాను.

"తాతకు వినుడే వచ్చు. మనకు పాడుడు గూడ వచ్చు. కూసో దొరా," అంది. నన్ను ఎక్కిరించాలంటే దొరా అనేది.

మొదటి క్యాసెట్ ఇంట్లోనే రికార్డు చేశాం. బయటి చప్పుడు రాకుండా కిటికీలకు బొంతలు కట్టాం. అందుకే సైరన్ వినపడలేదు. మూడో చరణంలో గోడ అదిరింది. తాతగారు భళ్ళున నేలమీద పడ్డారు. నా వేళ్ళు ఆగిపోయాయి. రవి చెయ్యీ ఆగింది. అక్క ఆగలేదు. నావైపే చూస్తూ ఒంటరిగా పాడుతూ పోయింది. చివరికి మేమే ఆమెను అందుకున్నాం.

పాట అయ్యాక, "చెరిపెయ్యి, మళ్ళ పాడుదాం," అన్నాను.

"చెరప. గింత మంచిగ మళ్ళ రాదు."

"అక్కా, తాత!"

"ఫొటో పడ్డదిరా. నువ్వెందుకు పడ్డవు?"

అది చెరపకపోతే ఇక కీబోర్డు ముట్టనన్నాను. అక్క గాజుపెంకులు ఏరి, ఫొటోను చున్నీతో తుడిచి, అద్దం లేకుండానే తగిలించింది. "ఇగ తాతకు మంచిగ వినవడ్తది," అని నవ్వింది. ఆ నవ్వును చాలాకాలం క్షమించలేకపోయాను.

ఆ క్యాసెట్ అద్దం పగిలిన చప్పుడుతో సహా ఆటోల్లో, పాన్ ఠేలాల్లో మోగింది. బల్లార్‌పూర్ దాటింది. నాగపూర్‌లో పెద్ద స్టేజి మీదికి పిలుపొచ్చింది. అక్క నా దగ్గరికొచ్చి, "నువ్వు రాకుంటే నీ జాగ ఖాళీగనే ఉంటది. ఎవ్వర్నీ నిలవెట్ట," అంది. వెళ్ళాను.

మూడో చరణంలో ఆ చోటు రాగానే మైదానమంతా ఒక్క గొంతుతో "భళ్!" అని అరిచింది. ఆయనెవరో కూడా తెలియకుండా అంతమంది కలిసి మా తాతగారిని పగలగొడుతున్నారు. నా వేళ్ళు మళ్ళీ ఆగిపోయాయి. జనం ఊపిరి బిగబట్టారు. క్యాసెట్‌లో అక్కడ నేను ఆగడం వాళ్ళకు కంఠతా వచ్చు. వాళ్ళు దానికోసమే ఎదురుచూస్తున్నారు.

అక్క వెనక్కి తిరిగి, "వాయించు దొరా," అంది. వాయించాను. మైదానం హోరెత్తింది.

ఇప్పుడు అక్క లేదు. ఆమె ఫొటోకు అద్దం బిగించి తాతగారి పక్కన పెట్టాను. సైరన్ మోగగానే లేస్తాను. తాతగారిని దించను. అక్కను దించి గుండెకు ఆనించుకుని నిలబడతాను. గోడ అదురుతుంది. అద్దం లేని తాతగారు కాస్త ఊగి, మళ్ళీ గోడ మీదే నిలబడతారు.