మామిడితోటలో పారబోసిన కాఫీ

నాకు పెళ్ళయిన మొదటి వేసవి అది. అరవైల మొదట్లో మాట. మా మేనమామే మామగారయ్యాడు. ఆయనకు మంసాపురం దాటాక కొండ కింద మామిడితోట ఉండేది. కాయ కోతకు ఏటా నాలుగు రోజులు అక్కడే పాకలో మకాం పెట్టేవాడు. ఆ ఏడు నన్నూ రమ్మన్నాడు. నేను రాజపాళయంలో ఒక మిల్లు ఆఫీసులో కొత్తగా చేరి, ఇస్త్రీ చొక్కా నలగకుండా తిరుగుతున్న రోజులు.

బయలుదేరే ముందు కాఫీ సంగతి వచ్చింది.

"మూడు రాళ్ళు పెట్టి, గిన్నెలో పొడీ కరుప్పట్టీ వేసి కాచి, గుడ్డలో వడగట్టుకుంటే చాలదా?" అన్నాడు మామ. తాటిబెల్లాన్ని మేమూ అరవవాళ్ళలాగే కరుప్పట్టి అనేవాళ్ళం.

"అది కాపీనా మామా, కషాయం. నేను ఫిల్టరూ పంపు స్టవ్వూ తెస్తాను, చూడండి" అన్నాను.

ఇంట్లో ఆడవాళ్ళు వింటున్నారు. వాళ్ళు వినాలనే అన్నాను. ఇత్తడి ఫిల్టరు, స్టవ్వు, కిరసనాయిలు సీసా, పంచదార, పొడి డబ్బా సంచిలో సర్దుకుని బండెక్కాను.

మర్నాడు పొద్దున్నే స్టవ్వు వెలిగించబోతే మంట రాలేదు. నాజిల్‌లో మసి పట్టింది. అది తీసే పిన్ను ఇంట్లోనే మరిచిపోయాను. పంపు కొట్టీ కొట్టీ చెయ్యి నొప్పెట్టింది, కిరసనాయిలు చిమ్మి చొక్కా తడిసింది. మామ వేపపుల్ల నములుతూ చూశాడు.

అంతలో తోట కావలివాడి భార్య రెండు గ్లాసుల్లో కరుప్పట్టి కాఫీ తెచ్చింది. యాభై దాటిన మనిషి.

"తాగండయ్యా. అల్లుడు వస్తారని అయ్య చెప్పినారు. మొన్నే మంసాపురం పోయి పొడి తెచ్చినాను" అంది.

మామ తీసుకుని తాగాడు. ఊళ్ళో మా ఇళ్ళవాళ్ళు ఆమె చేతి నీళ్ళు కూడా ముట్టరు. తోటలో ఉన్నప్పుడు ఆయన అవేవీ చూసేవాడు కాదు. నేను మాత్రం "కొంచెం ఆరనీ" అంటూ గ్లాసు పట్టుకుని చెట్టు వెనక్కి వెళ్ళి పారబోశాను. వడగట్టిన గుడ్డ మురికిదేమోనని నాకు నేను చెప్పుకున్నాను. గుడ్డ కాదు కారణం.

కాసేపటికి ఆమె రాలిన కాయలు ఏరుకుంటూ ఆ చెట్టు వెనక్కే వచ్చింది. నేల తడిగా ఉంది. చీమలు అప్పుడే చేరుతున్నాయి. ఆమె కాసేపు చూసి, గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మామ అడిగాడు. "పొద్దున కాపీ ఎట్లుండింది?"

"బాగుండింది మామా."

"పాత గుడ్డ అయితే నువ్వు తాగవేమోనని, పొంగలుకు కావలివాడికి మేమిచ్చిన కొత్త వేట్టి పంచె చించి వడగట్టింది. దాన్ని వాడు ఒక తూరి కూడా కట్టలేదు. వద్దన్నా వినలేదు" అన్నాడు.

చేతిలో ముద్ద ఆకులోనే పెట్టేశాను.

మరుసటి పొద్దున ఆమె మామకు ఒక్కడికే కాఫీ తెచ్చింది. నా ముందు మూత పెట్టిన గిన్నె దించింది. "నీళ్ళు కాగినాయయ్యా. మీ ఫిల్టరుకు పోసుకోండి" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. మామ ఆ గిన్నెను చూశాడు, నన్ను చూశాడు. ఆయనకు అర్థమైంది. గ్లాసు ఖాళీ చేసి, నన్ను రమ్మనకుండానే కోతకు వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడు నేనే ఆమె గుడిసె దగ్గరికి వెళ్ళాను. అందరూ ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు. ఏమని పిలవాలో తోచక గుమ్మం ముందు నిలబడ్డాను. తప్పయిందని చెప్పాలని వెళ్ళినవాడిని, "నాకూ ఒక గ్లాసు కాపీ కావాలి" అని మాత్రం అనగలిగాను.

ఆమె కాచి ఇచ్చింది. ఇచ్చిన వెంటనే గంప తీసుకుని, అటు తిరిగి చెట్లలోకి నడిచింది. వెనక్కి చూడలేదు. నేను పారబోసుకోవాలనుకుంటే అది తన కంట పడకుండా ఉండాలని అలా వెళ్ళిందని ఒక గుక్క తాగాక తెలిసింది.

నాలుక కాలుతున్నా గబగబా తాగేశాను. ఖాళీ గ్లాసు పట్టుకుని ఆమె వెనకాలే పరుగెత్తాను.

"తాగినాను" అన్నాను.

"అక్కడ పెట్టేయండయ్యా" అంది, కాయలు ఏరుతూనే.

నమ్మిందో లేదో నాకు తెలియలేదు.