తొడలో రెండు కంబీలు

తొడ ఎముక విరిగినప్పుడు నాకు పన్నెండేళ్ళు. సత్రపట్టిలో అత్త ఇంటి నుంచి సైకిల్ మీద వస్తుంటే ఆవు అడ్డం వచ్చింది. దాన్ని తప్పించబోయి కల్వర్టు మీంచి కింద పడ్డాను. లేవబోతే కుడి తొడ మధ్యలో వంగిపోయింది. అంత నొప్పి అంతకుముందు ఎరగను.

రాజపాళయం ఆస్పత్రిలో ఎక్స్‌రే చూడగానే అవ్వ ఏడుపు మొదలుపెట్టింది. చిన్నప్పుడు ఆమె తమ్ముడికీ ఇలాగే విరిగితే, కాలికి బరువు వేలాడగట్టి నెలల తరబడి మంచంలోనే ఉంచారట. చివరికి ఆ కాలు పొట్టిదైందట.

"బిడ్డ ఇంక నడుస్తుందా డాక్టరమ్మా?"

డాక్టరమ్మది మా ఊరే. ఆమె నా వైపు తిరిగింది.

"ఎంత వెయిట్ ఉంటావు కన్నూ?"

"నలభై కిలోలు."

"సరి, నీకు ఇది చాలును." సన్నటి కడ్డీ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. వంచితే వంగింది, వదిలితే టక్కున లేచింది. "ఇట్లాంటి కంబీలు రెండు. మోకాలి పైన ఇటు ఒకటి, అటు ఒకటి చిన్న తూట్లు పెట్టి ఎముక లోపలికి ఎక్కిస్తాము. లోపల విల్లు మాదిరి వంగి పట్టుకుంటాయి. నువ్వు ఇంకా పొడుగు పెరగాల కదా, ఎముక పెరిగే చోటును తాకము."

భయం ఎటు పోయిందో తెలియదు. నా తొడలో రెండు విల్లులు! నర్సు వచ్చి అడిగేదాకా ఆ కడ్డీని వదల్లేదు.

ఆపరేషన్ అయిన మర్నాడే వాకర్ తెచ్చారు.

"నిన్ననే కదమ్మా కోసినారు! ఈ రోజే నిలబెడతారా?" అని నాయన అడ్డం వచ్చాడు.

"నిలబడనీ అన్నా. ఆ కాలి మీద బరువు వద్దు, వేళ్ళు నేలకు ఆనితే చాలు," అంది ఫిజియోథెరపీ అక్క.

లేచాను. కళ్ళు తిరిగాయి, చెమట పట్టింది, అయినా లేచాను! అవ్వ నా ముందు చేతులు చాచి వెనక్కి వెనక్కి నడిచింది, తప్పటడుగులేసే పాపను పిలిచినట్టు. ఎనిమిది అడుగులు. "చూడండి, నడిచింది!" అని ఆమె అరిచిన అరుపుకు పక్క వార్డు వాళ్ళు తలుపుల దగ్గరకు వచ్చారు.

తరవాతి రోజులు అంత సులువుగా లేవు. మోకాలు వంచమన్నప్పుడల్లా ఏడ్చాను. కానీ ఆరు వారాలకు తీసిన ఎక్స్‌రేలో, విరిగిన చోట చుట్టూ తెల్లటి మబ్బులాంటిది కనబడింది.

"కొత్త ఎముక వచ్చింది. ఇంక కొంచెం కొంచెం బరువు పెట్టు," అంది డాక్టరమ్మ. నాయన ఆ ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి ఎంతసేపు చూశాడో!

మరుసటి ఏడు కంబీలు తీసేశారు. కొన్ని నెలలకు స్కూల్ పందెంలో పరిగెత్తాను. ఆరుగురిలో ఐదోదాన్ని. అవ్వ మాత్రం వీధిలో అందరికీ నేనే గెలిచానని చెప్పింది.